తిరిగిన రాడ్డు

"రాడ్డు నిద్రల తిరిగిందని జెప్పుండ్రి. ఎవరడిగినా గదే మాట. నిద్రల తిరిగింది. గంతే."

పొద్దున లేచిన దగ్గర్నుంచి సాయమ్మ నోట ఇదొక్కటే మాట. మాట్లాడుతూనే ఎక్స్‌రే ఫిల్మును తలుపు దగ్గర వెలుతురుకు పట్టుకుని ఇంకోసారి చూసింది. అందులో ఏది ఎముకో ఏది నీడో ఆమెకు తెలియదు. కానీ చిన్నకొడుకు ఎదలో కమానులా నిలబడాల్సిన ఉక్కు పట్టీ పక్కకు ఒరిగిపోయిందని నిన్న ఆత్మకూరులో ఎక్స్‌రే తీసిన మనిషి వేలు పెట్టి మరీ చూపించాడు. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఆమెకు అదే కనిపిస్తోంది.

"తలకిందులు పట్టుకున్నవ్ అత్తమ్మా," అంది కోడలు హెప్సిబా.

"నా బతుకే తలకిందులైంది. ఇది ఎట్ల పట్టుకుంటేంది?"

హెప్సిబా పొయ్యి ఆర్పింది. జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది. హైదరాబాద్ నుంచి డాక్టర్ శైలజ వారానికొక్కసారి, గురువారం నాడు, వనపర్తికి వస్తుంది. ఈ గురువారం తప్పితే మళ్లీ వారం. అమరచింత బస్సు దొరక్కపోతే ఆ గురువారమూ పోయినట్టే.

ఉదయ్ కిరణ్ ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. పంతొమ్మిదేళ్లవాడు. ఒంగలేడు, పక్కకు తిరగలేడు. ఎవరైనా పిలిస్తే మెడ కాదు, మనిషి మొత్తం తిరగాలి. ఆపరేషన్ అయి రెండు నెలలు కాలేదు.

"నేను లేని టైముల ఏం మోసినవ్‌రా? బకెట్ ఎత్తినవా?" సాయమ్మ కొడుకును నిలదీసింది.

"ఏం ఎత్తలేదే అమ్మా."

"మరెట్ల తిరిగింది?"

హెప్సిబా సంచి మూతి బిగిస్తూ ఆగింది. ఎలా తిరిగిందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అడుగుతున్న మనిషికి అందరికంటే బాగా తెలుసు.

"నేను తొక్కిన," అంది హెప్సిబా. "తొక్కమన్నది నువ్వు. గది మర్శిపోయినవా?"

"నేను నడుము తొక్కమన్న. ఎద తొక్కమన్ననా?"

"నడుమే తొక్కిన."

"మరి ఎదలున్నది ఎందుకు తిరిగింది?"

హెప్సిబా సంచిని గడప దగ్గర పెట్టింది.

హెప్సిబా తిమ్మాజిపేటలో ఎదురుకాళ్లతో పుట్టింది. తల కంటే ముందు కాళ్లు భూమ్మీదికి వచ్చిన పిల్ల. అలా పుట్టినవాళ్లు కాలు పెట్టి తొక్కితే నడుం పట్టు వదులుతుందని పాలమూరులో తెలియనివాళ్లు లేరు. ఆమె కోడలై ఈ ఊరొచ్చిన వారానికే సాయమ్మ వీధంతా చాటింది. అప్పటినుంచి నాట్లేసి నడుం పట్టినవాళ్లు, మందు పంపు మోసి వెన్ను పట్టినవాళ్లు పరగడుపున వచ్చి గడప ముందు బోర్లా పడుకునేవారు. హెప్సిబా ఎడమకాలి మడమ పెట్టి నొక్కేది. వాళ్లు మూలుగుతూ వచ్చి నవ్వుతూ పోయేవారు. పాస్టరయ్య ఒక ఆదివారం ప్రసంగంలో ఇదేం నమ్మకమని కోప్పడ్డాడు. నెల తిరక్కుండానే బండి దిగలేక ఆయనా వచ్చి ఆ గడప ముందే పడుకున్నాడు.

ఉదయ్‌ని మాత్రం తొక్కనంది హెప్సిబా. ఆపరేషన్‌కు ఆసుపత్రిలో వాడి పక్కన ఉన్నది ఆమే. బరువు ఎత్తకూడదు, దెబ్బ తగలకూడదు, ఒళ్లు మెలితిప్పకూడదు అని డాక్టర్ చెబుతుంటే విన్నది ఆమే. కానీ పోయిన వారం ఒక పొద్దున వాడు నడుం పట్టేసిందని గోడకు తల ఆనించి ఏడ్చాడు. మందుబిళ్ల వేసినా ఏడుపు ఆగలేదు.

"ఊరోళ్లందరికి తొక్కుతవు. ఇంట్ల పిలగాడు ఏడుస్తుంటె కాళ్లు రావా? నీ కాళ్లకు గంత గీరా?" అంది సాయమ్మ.

"డాక్టరమ్మ ఒద్దన్నది అత్తమ్మా."

"ఆమె ఒద్దన్నది ఎదకు. ఇది నడుము. నడుమెక్కడ, ఎదెక్కడ!"

"జర తొక్కు వదినా," అన్నాడు ఉదయ్. "నిమ్మళంగ. నీకు పుణ్యముంటది."

వాడు చాప మీద బోర్లా పడుకున్నాడు. ఆమె గోడ పట్టుకుని, మడమ మాత్రం ఆనించి, కోడిగుడ్డు మీద కాలు పెట్టినంత జాగ్రత్తగా తొక్కింది. కింద గచ్చు, పైన కాలు, మధ్యలో నలిగింది ఎద అని ఆ క్షణంలో ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. వాడు కిక్కురుమనలేదు. సాయంత్రానికి చొక్కా కింద కుడిపక్క ఏదో ఉబ్బెత్తుగా తేలింది.

"మామా, నువ్వన్న జెప్పు," అంది హెప్సిబా. "డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు జెప్తె ఏమైతది?"

ఈ పొద్దున మామ సామ్యూల్ పనికి బయల్దేరుతూ తువ్వాలు తలకు చుట్టుకుంటున్నాడు. జూరాల కట్ట దాటి గద్వాల వైపు విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పని మొదలైంది. సాయంత్రం మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి ఒక్కొక్క మొగ్గకు అద్దాలి. ఒకపూట మానితే ఆ పూట పూలు వృథా. ఆ చోట ఇంకో కూలీని పెట్టుకుంటారు.

"నేను జూడలె," అన్నాడాయన. "జూడనోన్ని నన్నేం జెప్పమంటరు?"

"సంఘ పెద్దవు. ఆదివారం ఆదివారం నిజం జెప్పుండ్రని ప్రార్థన జేస్తవ్."

"ఇయ్యాల గురువారం," అని సామ్యూల్ గడప దాటాడు.

సాయమ్మ ఫిల్మును కవరులో దూర్చింది. ఈసారి ఆమె గొంతు తగ్గింది. "తొక్కించినమని తెలిస్తె ఆమె మల్ల ముట్టుకోదు పిల్లా. ‘ఇంటికి తోలుకపోయి మీ ఇష్టమున్నట్టు చేస్కున్నరు, మీరే చూస్కోండ్రి’ అంటది. వెంకటయ్య బిడ్డకు గట్లనే జేసిండ్రు, కాలిరిగితే పసరు కట్టు కట్టించిండ్రని. నేనేం నా కోసం జెప్తున్ననా?"

కొంత ఆమె కోసమే. హెప్సిబాకు ఆ సంగతి తెలుసు. కానీ కొంత వాడి కోసం కూడా. ఏది ఎంతో విడదీసే ఓపిక ఆమెకు లేదు.

*

బస్సులో ఉదయ్ దిండును ఎదకు హత్తుకుని కూర్చున్నాడు. దగ్గొచ్చినా కుదుపొచ్చినా దిండును గట్టిగా పట్టుకోవాలని ఆసుపత్రిలో నేర్పారు.

"దిండుకు గూడ టికెట్ కొట్టాల్నా తమ్మీ?" అన్నాడు కండక్టర్.

బస్సంతా నవ్వింది. ఉదయ్ కూడా నవ్వబోయి, నొప్పికి పళ్లు బిగించాడు.

కొత్తకోట దాటాక హెప్సిబా ఫోన్ మోగింది. రవి. ఆమె భర్త, ఉదయ్ అన్న. పూనాలో ఏదో పదిహేనో అంతస్తు మీద స్లాబు పోస్తున్నాడు. వెనక మిక్సర్ చప్పుడు.

"ఎట్లుంది వానికి?"

"పోతున్నం. ఇంకా జూపియ్యలె."

"అసలెట్ల తిరిగింది హెప్సీ?"

పక్క సీట్లోంచి సాయమ్మ కళ్లు ఆమె మొహాన్ని వదల్లేదు.

"నిద్రల... నిద్రల తిరిగిందనుకుంటున్నరు."

"నిద్రల తిరగనీకె గదేమన్న దుప్పటా?" రవి గొంతు పెరిగింది. "గంత పెద్ద డాక్టరు బిగించింది. ఊకె తిరుగుతదా? మీరేం జేస్తున్నరు ఇంట్ల? వాన్ని జర జూస్కోనీకె గూడ చేతగాదా?"

"జూస్కుంటనే ఉన్న."

"ఏం జూస్కుంటున్నవ్! నేనిక్కడ సిమెంట్ తిని సిమెంట్ కక్కుతున్న."

లైను తెగింది. అతనే పెట్టేశాడో, సిగ్నల్ పోయిందో.

ఈ ఏడాది పూనా పోనని రవి మాట ఇచ్చాడు. ఊళ్లోనే డ్రిప్పు పైపుల పని నేర్చుకుంటానన్నాడు. ఇద్దరం ఒకే కప్పు కింద ఒక ఏడాదైనా ఉందామనుకున్నారు. అప్పుడే కాలేజీ మెట్లెక్కుతూ ఉదయ్ కళ్లు తిరిగి పడ్డాడు.

వాడి ఎద పుట్టుకతోనే లోపలికి ఉంది. చిన్నప్పుడు చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. బోరు కాడ స్నానం చేయిస్తూ ఆ గుంటలో నీళ్లు నిలబెట్టి అందరూ నవ్వేవారు. వాడు పెరిగాడు, వాడితోపాటు గుంటా పెరిగింది. నాలుగడుగులు పరుగెత్తితే దమ్ము. అంగీ విప్పితే సిగ్గు. చివరికి శైలజ మేడం ఫొటోలు తీయించి, ఎముక లోపలికి వంగి గుండెను పక్కకు నెడుతోందని చెప్పింది. ఎదను కొయ్యనంది. రెండు పక్కలా చిన్న గాట్లు పెట్టి, సన్నటి కెమెరాతో లోపల చూసుకుంటూ, వంచిన ఉక్కు పట్టీని ఎముక కింద దూర్చి తిప్పింది. గుంట అక్కడికక్కడే పైకి లేచింది. మూడేళ్లు ఆ పట్టీ లోపలే ఉంటే ఎముక ఆ తీరుకే అలవాటు పడుతుంది, తర్వాత తీసేయొచ్చు అంది.

మూడేళ్లు. ఆ మాట విన్న రోజే రవి, మూడేళ్ల మందులకూ ఆసుపత్రి తిరుగుళ్లకూ ఎంతవుతుందో లెక్కేసుకుని, బట్టలు సర్దుకున్నాడు.

*

డాక్టర్ శైలజ ఫిల్మును లైటు పెట్టెకు తగిలించి చాలాసేపు చూసింది. తర్వాత ఉదయ్‌ని పడుకోబెట్టి, పక్కటెముకల మీద వేళ్లతో మెల్లగా తడిమింది. వాడి మొహం చూస్తూ తడిమింది.

"ఏం జరిగింది?"

"నిద్రల తిరిగిందమ్మా," సాయమ్మ అందుకుంది. "పండుకున్నప్పుడు బాగనే ఉండె. లేసేసరికి గిట్లుండె."

"కింద పడ్డాడా?"

"లేదమ్మా."

"ఏమైనా ఎత్తాడా? ఎవరైనా కొట్టారా, ఎద మీద బరువేమైనా పడిందా?"

"అయ్యో, పిలగాన్ని పువ్వు లెక్క జూస్కుంటున్నం."

డాక్టర్ ఉదయ్ వైపు చూసింది. "నువ్వు చెప్పు."

"నిద్రలనే మేడం," అన్నాడు ఉదయ్.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. ఉదయం నుంచి చూసిన రోగులందరి అలసటా ఆమె కళ్ల కింద ఉంది.

"సరే. అయితే వినండి. ఈ బార్‌ను పక్కటెముకలకు కట్టి నిలబెట్టాను. ఏ బరువూ పడకుండా దానంతటదే తిరిగిందంటే, ఆ ఎముకలు దాన్ని మోయలేకపోతున్నాయని అర్థం. మళ్లీ పెట్టినా మళ్లీ తిరుగుతుంది. అలాంటప్పుడు తీసేయడమే మంచిది."

"తీసేస్తె ఎద మల్ల లోపలికి పోతదా అమ్మా?" సాయమ్మ బల్ల మీదికి వంగింది.

"పోతుంది. ఇంకో ఏడాదో రెండేళ్లో పోతే ఎముక ఇంకా గట్టిపడుతుంది. అప్పుడు ఇలా చిన్న గాట్లతో అయ్యే పని కాదు. ఎద తెరిచి చేయాలి."

"తీసేయుండ్రి మేడం," అన్నాడు ఉదయ్.

వాడు ఆ మాట అన్న తీరుకు హెప్సిబా తల తిప్పి చూసింది. భయపడ్డవాడి గొంతు కాదది. బస్సు ఆపమన్నవాడి గొంతు.

కానీ ఆలోచించే టైము లేదు. డాక్టర్ పెన్ను తీసింది. సాయమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. అబద్ధం చెబితే వైద్యం దక్కుతుందని కదా వచ్చింది! ఆ అబద్ధమే వైద్యాన్ని మింగేస్తోందని ఆమెకిప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కూడా నోరు రాలేదు.

"మేడం," అంది హెప్సిబా. "నిద్రల కాదు. నేను తొక్కిన."

పెన్ను ఆగింది.

"ఏం చేశావ్?"

"నేను ఎదురుకాళ్లతోని పుట్టిన మేడం. నడుము పట్టిందని ఏడిస్తె తొక్కిన. మడమతోని. నడుము మీదనే తొక్కిన, ఎద మీద కాదు."

"బోర్లా పడుకోబెట్టా?"

"ఆ."

"కింద పరుపుందా?"

"చాప."

డాక్టర్ కళ్లు మూసుకుని నుదురు రుద్దుకుంది. తిడుతుందని హెప్సిబా ఎదురుచూసింది. తిట్టిపోస్తే బాగుండునని కూడా అనిపించింది.

"మా అమ్మమ్మ కూడా తొక్కించుకునేది," అంది డాక్టర్. "నేనే ఎన్నోసార్లు పట్టుకుని పడుకోబెట్టాను. కానీ అమ్మా, లోపల ఇనుమున్న మనిషిని ఎవరు తొక్కమన్నారు నిన్ను?"

సాయమ్మ గోడ మీది క్యాలెండరు చూస్తోంది. ఉదయ్ తన దిండు చూసుకుంటున్నాడు.

"ఎవరు లేరు మేడం," అంది హెప్సిబా. "నేనే."

*

ఆ ఒక్క నిజంతో డాక్టర్ మాట మారిపోయింది. ఎముకల తప్పు లేదు. పట్టీని మళ్లీ సరిగ్గా తిప్పి, ఈసారి పక్కకు ఇంకో చిన్న అడ్డపట్టీ వేసి బిగిస్తే నిలుస్తుంది. సోమవారం హైదరాబాద్ రావాలి. ఆలస్యమైతే చుట్టూ కండ పట్టేస్తుంది. పైగా ఇప్పుడు అది ఒరిగిన చోటు గుండెకు మంచిది కాదు.

"కానీ ఇతను మేజర్. మీలో ఎవరు ఒప్పుకున్నా చాలదు, ఇతనే ఒప్పుకోవాలి. తీసేయమంటే తీసేస్తాను, బలవంతం చేయను. వరండా చివర కౌంటర్‌లో హన్మంతు ఉంటాడు. ఏ ఆపరేషనో రాయించి సంతకం పెట్టించండి. నేను మూడింటికి బయల్దేరతాను," అని డాక్టర్ ఇంకో రోగిని పిలిచింది.

బయటికి రాగానే సాయమ్మ అణచుకున్నదంతా పగిలింది.

"అందరి ముందట పరువు తీసినవ్ గదే! ‘నేను తొక్కిన’ అని గొప్పగ జెప్తున్నవా? ఆమె మమ్మల్ని ఎట్ల జూసిందో జూసినవా?"

"మల్ల జేస్తనన్నది గద అత్తమ్మా."

"చేస్తది, చేస్తది! నీ కాలు పడకుంటె మల్ల చేసే బాధనే లేకుండె." చంకలో సంచి బిగించుకుని ఆమె వరండా రెండో చివరకు నడిచింది. నడుస్తూనే ఫోన్ తీసింది. కాసేపటికి ఆమె గొంతు వరండా అంతా వినిపించింది. "నిద్రల కాదురా, నీ పెండ్లామే తొక్కింది! ఆ, తొక్కింది! నేను ఒద్దన్న కొద్ది తొక్కింది!"

ఆ చివరి మాట విని హెప్సిబా బెంచీ మీద కూలబడింది. కోపం రావడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ ఉండాలి.

ఉదయ్ ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. కూర్చోవడానికి చెయ్యి ఇవ్వబోతే వద్దన్నాడు.

"ఎందుకు జెప్పినవ్ వదినా?"

"జెప్పకుంటె తీసేస్తనన్నది. ఇనలేదా?"

"తీసేస్తరనే గద."

"ఏందీ?"

వాడు వరండా గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "బోర్ల పండుకోవద్దని నాకు ముందే తెల్సు. దవాఖానల నువ్వు మందులకు కిందికి పోయినప్పుడు మేడం జెప్పింది. ‘బోర్ల పండుకుంటె తిరుగుతది, మంచిగ గుర్తు పెట్టుకో’ అన్నది. గా మాట నేను నీకు జెప్పలె."

హెప్సిబా వాడిని చూసింది. పెళ్లయి వచ్చినప్పుడు వీడు హైస్కూలు పిల్లాడు. లెక్కలు చెప్పమని ఆమె వెంట తిరిగేవాడు.

"నడుము నొచ్చిందని ఏడ్చినవ్."

"నొచ్చింది. దినాం నొస్తది. గా దినం ఎక్కువేం నొయ్యలె."

"నా కాలుతోని..."

"నీ కాలైతె ఎవ్వరేం అనరనుకున్న. ఊరంత తొక్కించుకుంటది. తిరిగితె తిరిగిందంటరు, తీసేస్తరు. గంతే అనుకున్న." వాడు దిండును ఎదకు అదుముకున్నాడు. "పొద్దున లేస్తె నువ్వు తానం జేయిస్తవ్. అమ్మ బువ్వ కలిపి పెడ్తది. అన్న ఫోన్ జేసి ‘పరేషాన్ గాకురా’ అంటడు. ఎవ్వరొక్కరు తిట్టరు. మూడేండ్లు గిట్ల కూసొని తినాల్నా? నా ఎద కోసం అన్న పూనాల సావాల్నా? తీసేస్తె నేను నాయినతోని క్రాసింగ్‌కు పోత. అన్న ఇంటికొస్తడు. నీకు గూడ మంచిదే గద వదినా?"

"నాకు మంచిదా!"

ఈ వారమంతా ఆమె కాళ్లు కడుక్కోవడానికి కూడా కిందికి చూడలేదు. నిన్న పక్కింటి శిల్ప వాళ్ల అమ్మ నడుం పట్టిందని వస్తే తలుపు తీయలేదు. పాపం చేసిన కాళ్లనుకుంది. ప్రార్థనలో మోకరించినప్పుడు ఆ కాళ్లు తన వెనక ఉన్నాయన్న సంగతే ఆమెను మాట పూర్తి చేయనివ్వలేదు.

"దమ్మాడక మెట్ల మీద పడ్డది మర్శిపోయినవా?"

"పడ్తె పడ్త. ఇన్నేండ్లు బతకలేదా?"

"గుండెకు మంచిది కాదన్నది."

"నేను సంతకం పెట్ట వదినా. తీసేస్తె తియ్యమను. మల్ల బిగిస్తనంటె మాత్రం పెట్టనే పెట్ట."

వెనక ఏదో కింద పడింది. నీళ్ల సీసా. సాయమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో ఇద్దరూ చూడలేదు. సీసా దొర్లుకుంటూ పోయి బెంచీ కాలికి తగిలి ఆగింది. ఎవరూ తీయలేదు.

సాయమ్మ కొడుకు దగ్గరికి వెళ్లలేదు. కోడలి ముందుకొచ్చి, నేల మీద కూర్చుని, ఆమె మోకాలు పట్టుకుంది.

"పిల్లా. ఈ మాట రవికి తెల్వొద్దు."

"నాకు తెల్సింది గద అత్తమ్మా. నా సంగతేంది?"

"వాడు తమ్ముని కోసం ఇల్లిడిచి పోయిండు. వీడే తిప్పుకున్నడని తెలిస్తె జన్మల మల్ల మొగం జూడడు. అన్నదమ్ములు ఇడిపోతరు. నేనేం జెయ్యాలె?"

"ఇప్పుడే నేను తొక్కిన్నని జెప్పినవ్. నువ్వు ఒద్దన్నా తొక్కిన్నన్నవ్."

"జెప్పిన. తప్పైంది. కానీ..." సాయమ్మ కళ్లు దించుకుంది. "గట్లనే ఉండనియ్యి. మొగడు రెండు దినాలు కోపం జేస్తడు, మల్ల మంచిగైతడు. అన్నదమ్ములు గట్ల గారు."

అదీ నిజమే కావచ్చు. ఈ ఇంట్లో ఏ నిజమైనా చివరికి హెప్సిబా మీదే వచ్చి కూర్చుంటుంది.

ఒళ్లో ఫోన్ మోగింది. తెర మీద రవి పేరు.

ముగ్గురూ ఆ ఫోన్ వైపే చూశారు. అది మోగి మోగి ఆగింది. వెంటనే మళ్లీ మొదలైంది.

హెప్సిబా లేచింది. మోకాలి మీది సాయమ్మ చేతులు జారిపోయాయి. ఫోన్‌ను ఉదయ్ మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"ఇను. కౌంటరు అక్కడుంది. మల్ల బిగించమని సంతకం పెట్టు. పెడ్తె, తొక్కింది నేనే. సచ్చేదాకా నేనే. ఎవ్వరడిగినా నేనే. మీ అన్న తిడ్తె తింట, ఊరు తిడ్తె తింట."

"పెట్టకుంటె?"

"పెట్టకుంటె ఉన్నదున్నట్టు జెప్త. ఇప్పుడే. నీ ముందటనే."

"వదినా..."

"నీకోసం మీ అన్న మోస్తున్నడని బాధపడ్డవ్. మంచిదే. నీకోసం నేనేం మోస్తున్ననో ఒక్కసారన్న జూసినవా? ఈ ఒక్కటి నువ్వు మొయ్యి. మూడేండ్లు."

ఫోన్ ఆగలేదు. కౌంటర్ లోంచి హన్మంతు తల బయటపెట్టి, "ఉదయ్ కిరణ్ ఎవరు? మేడం పోతది మల్ల!" అని అరిచాడు.

ఉదయ్ దిండును బెంచీ మీద పెట్టాడు. ఒళ్లు కదలకుండా, నెమ్మదిగా, మనిషి మొత్తం తిరిగాడు. నడవడం మొదలుపెట్టాడు.

కౌంటర్ వైపు కాదు. మెట్ల వైపు.

"ఒరేయ్!" అంది సాయమ్మ.

హెప్సిబా ఆకుపచ్చ గుర్తు నొక్కి ఫోన్ చెవికి పెట్టుకుంది.

"నువ్వే తొక్కినవంట గద?" రవి గొంతు. ఈసారి వెనక మిక్సర్ చప్పుడు లేదు. పని ఆపి ఎక్కడో మూలకు వచ్చి మాట్లాడుతున్నాడు. అరవడం లేదు, అదే ఆమెకు భయమేసింది. "అమ్మ జెప్పేది ఇనదల్చుకోలె. నువ్వు జెప్పు. నువ్వు ఏం జెప్తె గది నమ్ముత."

మెట్ల దగ్గర ఉదయ్ ఆగాడు. కమ్మీ మీద చెయ్యి వేశాడు. దిగలేదు, వెనక్కి రాలేదు. వాడి వీపు మాత్రం ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది.

"హెప్సీ? ఉన్నవా?"

"ఉన్న," అంది హెప్సిబా, ఆ వీపు మీంచి చూపు తిప్పకుండా. "జర లైన్ల ఉండు."